లూకా జార్చిన స్వరం

సీతాఫల్‌మండి, సికింద్రాబాదు
4-2-1979

పూజ్యులు ఆర్థర్ బావగారికి, డోరా అక్కకు,

మీ మరదలు కాంతమణి వందనములు. ఇక్కడ బాగున్నానని రాస్తే అబద్ధం, బాగా లేనని రాస్తే మీరు రైలెక్కి వచ్చేస్తారు. అందుకని ఆ మాట వదిలేస్తున్నాను.

మీ తమ్ముడు పోయి ఏడు నెలలైంది. జులై ఎనిమిది ఆదివారం జ్ఞాపకార్థ కూటం పెడదామని పాస్టరుగారు అన్నారు. వచ్చినవాళ్ళు తలా నాలుగు మాటలు మాట్లాడతారు, లూకాగారు నెమ్మదస్తుడనీ, వర్క్‌షాపులో ఎవరితోనూ మాట పడలేదనీ. అననీండి. నాకు కావలసింది వేరే. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి, కాళ్ళు కడుక్కుని, వరండాలో కూర్చుని మౌత్ ఆర్గాన్ మీద ఆయన వాయించే పాట ఉందే, అది ఆ రోజు నేను వాయించాలి. మాటల్లేని పాట. మీ అమ్మగారు పొయ్యి ముందు కూర్చుని కూనిరాగం తీసేవారట కదా. ఆ పాట ఈ ఇంట్లో వినబడి ఏడు నెలలైంది బావగారూ. సాయంత్రం ఆరు కొడితే నాకు ఏం చెయ్యాలో తోచడం లేదు.

బళ్ళో పిల్లలకు హార్మోనియం మీద పాటలు నేర్పేదాన్నే కాబట్టి చెవికి లోటు లేదు. రెండు వారాల్లో పాటంతా పట్టుకున్నాను, ఒక్కచోట తప్ప. ఎక్కడో మీకు చెప్పక్కర్లేదు. స్వరం నిలబడి నిలబడి, ఉన్నట్టుండి అర మెట్టు కిందికి జారుతుందే, అక్కడ. ఏడుపు ఆపుకుంటున్న మనిషి గొంతులా ఉంటుంది. అది రాకపోతే అది ఆయన పాట కాదు, ఎవరిదో పాట.

ఎలా జారుస్తారండీ అని ఎన్నిసార్లడిగినా, "అది అన్నయ్య విద్య, నోట్లో ఉంటుంది, చెబితే రాదు" అని నవ్వేసేవారు. ఆ అన్నయ్య మీరే కదా. చెప్పండి. అయిదు నెలల టైముంది.

మీ కాంతమణి


కాకినాడ
13-2-1979

చిరంజీవి కాంతమణికి ఆర్థర్ దీవెనలు.

నీ ఉత్తరం చదివి డోరా ఏడ్చింది. నేను ఏడవలేదు, ట్రంకు అడుగునుంచి నా మౌత్ ఆర్గాన్ తీసి తుడిచాను.

ఒక ఇబ్బంది ఉందమ్మా. పెదవి, నాలుక, అంగిలి అంటూ తమ్ముడి భార్యకు ఉత్తరం రాయాలంటే చెయ్యి రావడం లేదు. రెండు కాగితాలు చింపేశాను. "డ్రిల్లు మాస్టారుగారూ, పంటి డాక్టరు రాయడూ? అలాగే అనుకుని రాయండి" అని డోరా కేకలేసింది. సరే, రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, బలం పనికిరాదు. గట్టిగా పీలిస్తే స్వరం వంగుతుందనుకుంటారు అందరూ. గట్టిగా పీలిస్తే లోపలి ఇత్తడి రేకు మూగబోతుంది, ఇంకా గట్టిగా పీలిస్తే విరుగుతుంది. సాసర్లో వేడి టీ జుర్రుకునేటంత గాలి చాలు. ఆ గాలి కడుపులోంచి రావాలి, బుగ్గల్లోంచి కాదు. ముక్కు దొంగది. నువ్వు నోటితో పీలుస్తుంటే అది పక్కనుంచి పీలుస్తుంది. ఒకసారి ముక్కు మూసుకుని వాయించి చూడు, తేడా కనబడితే దొంగ దొరికినట్టే.

ఇక నోరు. 'ఈ' అన్నట్టు నాలుక పెట్టి స్వరం తియ్యి. గాలి ఆపకుండా 'ఊ' లోకి పో. నాలుక కొస కిందికి దిగి, వెనక భాగం పైకి లేచి వెనక్కి జరుగుతుంది. దవడ జానెడు కాదు, వేలెడు కాదు, గింజంత దిగుతుంది. లోపల గది పెద్దదవుతుంది, గాలి దారి మారుతుంది, స్వరం కిందికి దిగుతుంది. ఇంతే. పెదాలు మాత్రం ఒక్క కన్నం మీదే బిగించి ఉంచాలి, కదపకూడదు.

నాకిది నలభై ఆరులో ఇక్కడి రేవులో ఒక ఓడ వంటవాడు నేర్పాడు. వెళ్ళేటప్పుడు తన మౌత్ ఆర్గాన్ పెట్టె కూడా ఇచ్చేశాడు. అమ్మ ఉబ్బసం మనిషి, పాటలో ఆ చోటుకొచ్చేసరికి ఊపిరి చాలక గొంతు జారేది. ఆ జారుడు పట్టుకోవాలనే నా తాపత్రయమంతా. లూకాకు అది రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. అరవై ఒకటిలో మీ ఇంటికొచ్చాను గుర్తుందా? "మీ ఎదురుగా సిగ్గు అన్నయ్యా, మీరు లోపల కూర్చోండి" అని వాడు వరండాలోకి పోయి వాయించాడు. నువ్వు పెట్టిన ఉప్మా ప్లేటు నా చేతిలోనే ఉండిపోయింది. అచ్చం అమ్మ. బయటికొచ్చి, "ఇన్నాళ్ళకు నా శిష్యుడివనిపించావురా" అన్నాను. ఆ ఏడాది నుంచి ప్రతి క్రిస్మసు ఉత్తరంలోనూ 'మీ శిష్యుడు లూకా' అనే సంతకం పెట్టాడు.

వాడికి వచ్చింది, నీకూ వస్తుంది.

ఆర్థర్


సీతాఫల్‌మండి
11-3-1979

బావగారికి వందనములు.

'ఈ' అన్నాను, 'ఊ' అన్నాను. ముక్కుకు బట్టలారేసే క్లిప్పు పెట్టుకున్నాను. సాసర్లో టీ జుర్రి జుర్రి చీర మీద పోసుకున్నాను. కళ్ళు తిరిగి ఒకసారి గోడ పట్టుకున్నాను కూడా. స్వరం మాత్రం ఉన్నచోటే ఉంది, కదిలితే ఒట్టు.

నిన్న పక్కింటి పుష్పమ్మ గోడ మీంచి తొంగిచూసి, "ఏంది టీచరమ్మా, పొద్దుగాల పొద్దుగాల పిల్లి లెక్క గీ అరుపులేంది? పానం బాగ లేదా ఏంది?" అంది. సంగతి చెప్పాను. చేతిలోని చీపురు కింద పెట్టింది. తర్వాత, "లూకన్న పాటనా? మంచిగ నేర్చుకో. నీళ్ళు తాగి మల్ల షురూ చెయ్యి, మేమేమనం" అంది. ఆ మాటకు నా కళ్ళు నిండిపోయాయి.

ఇంకో సంగతి. మిగతా స్వరాలన్నీ శుభ్రంగా పలుకుతున్నాయి గానీ, సరిగ్గా జారవలసిన ఆ స్వరం దగ్గరే ఇద్దరు కొట్లాడుకుంటున్నట్టు పలుకుతోంది. ఇన్నాళ్ళూ ట్రంకు పెట్టెలో ఉండి చెడిపోయిందేమో. అన్నట్టు, పెదాలు ఒక్క కన్నం మీదే ఉంచమన్నారు. పై వరుసలోదా, కింది వరుసలోదా? నేను రెండూ కలిపి మూస్తున్నాను. తప్పు అక్కడుందేమో చెప్పండి.

కాంతమణి


కాకినాడ
17-3-1979

కాంతమణికి,

రెండు వరుసలేమిటి? సరిగ్గా చూసి రాయి. ఒక్కో వరుసకు ఎన్ని కన్నాలు? లూకా రోజూ వాయించింది అదేనా? వాడి దగ్గర ఇంకొకటి, చిన్నది, ఒకే వరుసలో పది కన్నాలది ఉండాలి. బీరువా వెతుకు.

ఆర్థర్


సీతాఫల్‌మండి
25-3-1979

బావగారికి,

బీరువా, ట్రంకు, అటక, ఆయన వర్క్‌షాపు సంచి, అన్నీ వెతికాను. ఇంకొకటి లేదు, ఎప్పుడూ లేదు. రెండు వరుసలు, వరుసకు ఇరవై నాలుగు కన్నాలు. మా పెళ్ళికి రెండేళ్ళ ముందు, యాభై ఎనిమిదిలో, ఇక్కడ గడియారస్తంభం దగ్గర కొట్లో కొన్నారు. మీరొచ్చినప్పుడు వరండాలో వాయించింది ఇదే.

ఎందుకలా అడిగారు? ఉత్తరంలో డోరా అక్క క్షేమం కూడా రాయలేదు. నేనేమైనా తప్పు రాశానా?

కాంతమణి


కాకినాడ
29-4-1979

కాంతమణికి దీవెనలు.

జవాబు ఆలస్యమైంది. డోరాకు మోకాళ్ళ నొప్పులు, నాకు పనులు.

ఆలోచించి చెబుతున్నాను. ఆ స్వరం వదిలేయమ్మా. పాట మామూలుగా వాయించు, జార్చకుండా. కూటానికొచ్చేవాళ్ళలో దాన్ని పోల్చుకునేవాళ్ళు ఎవరున్నారు గనక? అందరికీ అన్నీ రావు. ఇది నీ వల్ల అయ్యే పని కాదు. ఊరికే ఊపిరి పాడుచేసుకోకు.

ఆర్థర్


సీతాఫల్‌మండి
6-5-1979

ఆర్థర్ బావగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన కొద్దీ ఒళ్ళు మండింది. పెద్దవారు, మన్నించండి, కానీ రాయకుండా ఉండలేను.

నలభై తొమ్మిదిలో కాకినాడ చర్చిలో క్రిస్మసు పాటలు ప్రాక్టీసు చేస్తుంటే, మీ తమ్ముడి చేతికి మీ పెట్టె ఇచ్చి ఆ స్వరం జార్చమన్నారట. పదిహేడేళ్ళ పిల్లవాడు, రాలేదు. "నీది నోరు కాదురా, తూము. గాలి వచ్చి పోతుందంతే" అన్నారట మీరు. క్వయర్ మొత్తం పగలబడి నవ్వారట. ఆయన నాకీ సంగతి చెప్పింది ఒక్కసారే. మీ మీద కోపంతో కాదు. "అన్నయ్య చేత అనిపించుకున్నాను కాబట్టే పట్టుదల వచ్చింది" అని చెప్పారు. చెప్పి, లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చారు.

ఇప్పుడు నాకూ అదే మాట చెబుతున్నారు, కాస్త మర్యాదగా. ఆయన ఊరుకున్నారు, నేను ఊరుకోను. నెలరోజులు మాట్లాడకుండా ఉండి 'నీ వల్ల కాదు' అంటే సరిపోదు. నా వల్ల ఎందుకు కాదో చెప్పండి. ఆ పెట్టె గురించి అడిగిన దగ్గర్నుంచీ మీరు మారిపోయారు. దాచకండి. నాకు ఆ ఒక్క స్వరం తప్ప ఆయనది ఈ ఇంట్లో ఇంకేం మిగల్లేదు.

కాంతమణి


కాకినాడ
20-5-1979

అమ్మా కాంతమణీ,

నీకు కోపం వచ్చిందంటే న్యాయమే. దాచాను. చెబుతాను.

నా పది కన్నాల పెట్టెలో ఒక్కో కన్నం వెనకాల రెండు రేకులుంటాయి. ఒకటి ఊదితే పలికేది, రెండోది పీలిస్తే పలికేది. నోట్లో గాలి దారి మార్చినప్పుడు పీల్చే రేకు కాస్త తగ్గితే, ఊదే రేకు అందుకుంటుంది. ఆ ఇద్దరి మధ్య స్వరం వంగుతుంది. రెండు వరుసల పెట్టెలో అలా కాదు. అందులో ఒక్కో గదికి ఒక్కటే రేకు. అందుకోవడానికి రెండోది లేదు. దాని మీద నువ్వు కాదు, నేను కాదు, నాకు నేర్పిన ఓడ వంటవాడు దిగివచ్చినా ఆ స్వరం నోటితో జారదు.

ఇప్పుడర్థమైందా నేనెందుకు మాట్లాడలేదో? వాడు వాయించింది అదే పెట్టె అంటున్నావు. మరి అరవై ఒకటిలో నేను విన్నదేమిటి? నా చెవులు నన్ను మోసం చేశాయా, నా తమ్ముడు చేశాడా? పద్దెనిమిదేళ్ళుగా బళ్ళో ప్రతి పిల్లవాడికీ వాడి కథే చెప్పాను. మా లూకాకు పన్నెండేళ్ళు పట్టింది, వదల్లేదు, సాధించాడు అని. రిటైరైన రోజు కూడా అదే చెప్పాను. రెండు నెలలుగా అన్నం సయించడం లేదు. డోరా అడిగితే కసురుకుంటున్నాను.

తూము అన్నమాట నిజమే. ఆ మాట నేను మరిచిపోలేదు. నువ్వు నేర్పమన్నప్పుడు అదే ముందు గుర్తొచ్చింది, అందుకే దాన్ని తప్పించి మిగతాదంతా రాశాను.

ఆ పెట్టె విప్పి చూడమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. పోయినవాడి జేబులు తడిమినట్టుంటుంది. నీ ఇష్టం.

ఆర్థర్


సీతాఫల్‌మండి
17-6-1979

బావగారికి,

విప్పాను. నేనొక్కదాన్నీ కాదు, బ్రహ్మచారిగారిని పిలిపించాను. వర్క్‌షాపులో మీ తమ్ముడి పక్క బెంచీ ఫిట్టరు, పోయిన ఏడాదే రిటైరయ్యారు. చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని అల్వాల్ నుంచి బస్సులో వచ్చారు. పెట్టె చూడగానే, విప్పకుండానే నవ్వారు.

"వదినమ్మా, దీన్ల నేను పెట్టిన టంకం సుక్క ఉంటది, చూస్తరా?" అన్నారు.

విప్పితే ఉంది. ఆ స్వరం దగ్గర, కింది వరుస రేకు కొస మీద, ఆవగింజంత టంకం. "మీ లగ్గానికి ముందుగాల. లూకన్న దినాం అన్నం డబ్బ పట్టుకొని నా బెంచి కాడికి వచ్చెటోడు. 'బ్రహ్మం, గీ రేకు జెర బరువు కావాలె, అర మెట్టు దిగాలె' అని. ఎక్కువ పెడితే మూగవోతుండె, గీకితే మల్ల పైకి పోతుండె. రెండు నెల్లు నన్ను పరేషాన్ చేసిండు" అన్నారు.

అందుకే బావగారూ, రెండు కన్నాలూ కలిపి మూస్తే కొట్లాట. పై వరుస రేకు అసలు స్వరం, కింది వరుస రేకు జారిన స్వరం. మిగతా చోట్లంతా పై వరుసలోనే తీసి, ఆ ఒక్కచోట పై నుంచి కిందికి దిగాలి. నేను నాలుక తిప్పబోతే బ్రహ్మచారిగారు ఆపారు. "నోటితోని ఏం చెయ్యొద్దు వదినమ్మా. పెట్టె కదలనియ్యొద్దు. తల జెర వంచాలె, పెదవి కిందికి దిగుతది, గంతే."

తల వంచాను. జారింది.

నేను ఎక్కడున్నానో కూడా మరిచిపోయాను. ఆయన అక్కడికొచ్చేసరికి రోజూ తల వంచేవారు. అమ్మను తలుచుకుని ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాను. పద్దెనిమిదేళ్ళు వంటింటి గుమ్మంలో నిలబడి నేను కూడా ఆయనతో పాటు తల వంచాను! ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. బ్రహ్మచారిగారు పాపం తనే లేచి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

"అన్నకు చెప్పొచ్చు గద అని నేను గూడ అన్న వదినమ్మా. 'చెప్తే మల్ల నవ్వుతడు బ్రహ్మం. ఒక్కపారి మెచ్చుకున్నడు, గది నాకు శాన' అన్నడు." వెళ్ళబోతూ బ్రహ్మచారిగారు చెప్పిన మాట ఇది.

మొదట, 'వచ్చింది బావగారూ' అని ఒక్క ముక్క రాసి ఊరుకుందామనుకున్నాను. ఆయన అంతకాలం దాచుకున్నది నేనెందుకు బయటపెట్టాలి? కానీ మీరు నాకు నిజం చెప్పారు, అన్నం మానేసి మరీ చెప్పారు. మీ చెవులు మోసం చెయ్యలేదు. మీరు విన్నది నిజంగా అమ్మ స్వరమే. ఆయన చేసినదే.

కోపం వస్తే నా మీద చూపించండి, ఆయన మీద వద్దు. ఒక్కటి చెప్పండి. కూటంలో ఇలా వాయిస్తే మీకు నామర్దాగా ఉంటుందా?

కాంతమణి


కాకినాడ
23-6-1979

వాయించు. ఏడో తారీకు ఉదయం రైలుకు నేనూ, డోరా వస్తున్నాం.

ఆర్థర్


కాకినాడ
30-7-1979

అమ్మా కాంతమణీ,

క్షేమంగా చేరాం. డోరా మోకాళ్ళకు నువ్విచ్చిన నూనె పనిచేస్తోంది.

కూటంలో పెద్దవాణ్ణి కాబట్టి రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పలేకపోయాను, చూశావుగా. నువ్వు వాయిస్తుంటే ఆ చోటు వచ్చింది, నువ్వు తల వంచావు. ప్రార్థన అనుకుని చర్చిలో అందరూ తలలు వంచారు, పాస్టరుగారితో సహా. బ్రహ్మచారిగారు, నేను మాత్రం వంచలేదు. ఆయన నన్ను చూసి కన్ను గీటారు. ఆ తర్వాత నేను లేచి ఏం మాట్లాడగలను?

కానీ మాట్లాడకుండా ఉంటే ఎలా? వాడి పరువు తీసింది ఇక్కడ. చెప్పవలసింది కూడా ఇక్కడే. నిన్న ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారినడిగి లేచి నిలబడ్డాను. "ముప్ఫై ఏళ్ళ కింద ఇదే క్వయర్ ముందు నా తమ్ముడి నోరు తూము అన్నాను. తర్వాత నా శిష్యుడని ఊరంతా చెప్పుకు తిరిగాను. వాడు నా శిష్యుడు కాడు. నేను చెప్పిన దారిలో వాడికి రాలేదు, ఇంకో దారి వాడే కనిపెట్టుకున్నాడు. చెబితే నేను నవ్వుతానని భయపడి, చచ్చిపోయేదాకా నాకు చెప్పలేదు. తప్పు నాది" అని చెప్పి కూర్చున్నాను. 

కుర్రవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. అప్పటి క్వయర్‌లో మిగిలింది ఒక్క కుసుమకుమారిగారే, డెబ్భై దాటాయి. కర్ర పట్టుకుని నా దగ్గరకొచ్చారు. "అప్పుడు నేనూ నవ్వాను ఆర్థరూ. ఆ పిల్లవాడు పెట్టెను పంచె కొంగుతో తుడిచి నీ చేతికిచ్చి వెళ్ళాడు. నాకింకా కళ్ళకు కట్టినట్టే ఉంది" అన్నారు. తుడిచి ఇచ్చిన సంగతి నాకు తెలియదమ్మా. నేను అప్పటికే అటు తిరిగిపోయి ఉంటాను. ఇద్దరం చర్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాం, అందరూ చూస్తుండగానే.

సరే, అసలు పని. రెండు వరుసల పెట్టె ఒకటి కొన్నాను. రేడియోలు బాగుచేసే రామకృష్ణ చేత కింది రేకు మీద టంకం పెట్టించాను. మొదటిసారి ఎక్కువై మూగబోయింది, రెండోసారికి కుదిరింది. తల వంచుతున్నాను గానీ స్వరం జారడం లేదు, గెంతుతోంది. ఈ మెడ అరవై ఏళ్ళుగా బిగిసిపోయి ఉంది. ఎంత వంచాలి? పెదవి తడిగా ఉండాలా, పొడిగానా? గాలి ఎక్కడ తగ్గించాలి? అన్నీ విడమరిచి రాయి. నేను మందబుద్ధిని, తొందరగా రాదు. తిట్టవలసి వస్తే ఉత్తరంలో ఎంతైనా తిట్టు. నలుగురి ముందు మాత్రం తిట్టకు.

ఆర్థర్